స్క్రీన్‌కాస్ట్ పాఠాలకు కావలసిన సరంజామా: మైకు దగ్గర్నుంచి అప్‌లోడ్ దాకా

మొదటిసారి స్క్రీన్‌కాస్ట్, అంటే కంప్యూటర్ స్క్రీన్ చూపిస్తూ చెప్పే సాఫ్ట్‌వేర్ పాఠం, రికార్డ్ చేసినప్పుడు ఏకబిగిన 40 నిమిషాలు మాట్లాడాను. పెద్దగా తడబడలేదు కూడా. సంబరంగా వెనక్కి తిప్పి వింటే ఫ్యాను హోరు, కీబోర్డు టకటకలు, వాటి వెనకాల నూతిలోంచి వస్తున్నట్టు నా గొంతు. కొత్త మైకు ఎదురుగానే ఉంది, దాని లైటూ వెలుగుతోంది. కానీ సాఫ్ట్‌వేర్ పట్టుకున్నది లాప్‌టాప్ లోపలి మైకుని. సెట్టింగ్స్‌లో మైకు పేరు ఎంచుకోకుండా ‘డిఫాల్ట్’ అని వదిలేశాను మరి. రెండోసారి చెప్పిన పాఠంలో ఆ ఊపు రాలేదు.

అప్పట్నుంచి నా సెట్టప్ అంతా ఒకే లెక్క మీద నడుస్తోంది: అక్షరం కనబడాలి, మాట వినబడాలి, మిగతావన్నీ ఆ తర్వాతే. అందుకే ఈ వ్యాసంలో కెమెరా ఆలస్యంగా వస్తుంది, అదీ నాలుగు ముక్కల్లో.

అడుగు 1: చూసేవాళ్లు ఎలా చూస్తారో ముందు ఊహించుకోండి

సాఫ్ట్‌వేర్ పాఠాన్ని ఎవరూ సినిమా చూసినట్టు చూడరు. సగం స్క్రీన్‌లో మీ వీడియో, మిగతా సగంలో వాళ్లు కోడ్ రాసుకునే ఎడిటర్. పది సెకన్లు చూడటం, ఆపడం, టైప్ చేయడం, మళ్లీ వెనక్కి జరపడం. ఇంకొందరు ఫోన్లో వీడియో పెట్టుకుని కంప్యూటర్లో పని చేస్తుంటారు. అంటే మీ పెద్ద మానిటర్ మీద హాయిగా కనిపించే అక్షరం వాళ్లకు చేరేసరికి చీమతలకాయంత అవుతుంది.

కాబట్టి ఇంకేమీ కొనకముందే ఒక పరీక్ష చేయండి. మీరు పాఠం చెప్పబోయే స్క్రీన్‌ని స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కి పంపుకోండి. ఫోన్‌ని అడ్డంగా తిప్పి, చెయ్యి చాచి పట్టుకుని చదవండి. కళ్లు చికిలించాల్సి వస్తే ఫాంటు చిన్నదన్నమాట. వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్లో మామూలుగా 14 (మ్యాక్‌లో 12) ఉండే ఫాంటు సైజును నేను 22కి పెంచుతాను. అప్పుడు స్క్రీన్ మీద పాతిక ముప్ఫై లైన్ల కోడ్ పడుతుంది. ఒక పాఠంలో ఒకేసారి అంతకంటే ఎక్కువ కోడ్ చూపించాల్సి వస్తోందంటే, సమస్య ఫాంటుది కాదు, పాఠానిది.

అడుగు 2: మైకు, గది

డబ్బు పెట్టాలనుకుంటే మొదట మైకు మీదే పెట్టండి. వీడియో కాస్త మసగ్గా ఉన్నా జనం ఓర్చుకుంటారు, గొంతు సరిగ్గా వినబడకపోతే నిమిషంలో మూసేస్తారు.

మైకుల్లో ప్రధానంగా రెండు రకాలు. కండెన్సర్ మైకు చాలా సున్నితం. గొంతుతో పాటు పక్కగది మాటలు, గోడల మీంచి తిరిగొచ్చే ప్రతిధ్వని కూడా అందుకుంటుంది. డైనమిక్ మైకు దగ్గర్నుంచి వచ్చే శబ్దాన్నే బాగా పట్టుకుంటుంది. స్టూడియోలా సిద్ధం చేసిన గది లేనివాళ్లకు, అంటే మనలో చాలామందికి, యూఎస్‌బీ డైనమిక్ మైకు సుఖం. అదీ వద్దనుకుంటే నోటి ముందుకు మైకు వచ్చే వైరు హెడ్‌సెట్ సరిపోతుంది. బ్లూటూత్ హెడ్‌సెట్ మాత్రం వద్దు. దాని మైకు వాడటం మొదలెట్టగానే చాలా వాటిలో ధ్వని నాణ్యత ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది.

మైకు నోటికి జానెడు దూరంలో, సరిగ్గా ఎదురుగా కాకుండా కాస్త పక్కకు ఉండాలి. ప, ఫ, బ, భ పలికేటప్పుడు నోట్లోంచి గాలి ఒక్కసారిగా తన్నుకొస్తుంది. మన పాఠాల్లో పైథాన్, బటన్, బ్రౌజర్, పాస్‌వర్డ్ లాంటి మాటలకు కొదవ లేదు. ఎదురుగా మైకు ఉంటే ప్రతిసారీ ‘ఢబ్’ మంటుంది. పాప్ ఫిల్టర్ (మైకు ముందు పెట్టే గాలి అడ్డు తెర) పెట్టినా, మైకుని కొంచెం పక్కకు తిప్పినా ఈ బాధ చాలావరకు పోతుంది. మైకు, కీబోర్డు ఒకే టేబుల్ మీద ఉంటే టైపింగ్ అదురు కూడా రికార్డ్ అవుతుంది. మైకు కింద మడత పెట్టిన తువ్వాలు వేయండి.

ఇక గది. మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. ‘ఠంగ్’ మని సాగితే ఆ గది పనికిరాదు, లేదా దానికి దుప్పట్లు, కర్టెన్లు, పరుపు లాంటి మెత్తని సరంజామా కావాలి. బట్టలు వేలాడే చిన్న గది చాలాసార్లు ఖరీదైన ఏర్పాట్ల కంటే నయం. వినేవాళ్లకు కనిపించదు కదా, సిగ్గుపడాల్సిన పని లేదు.

అడుగు 3: పాఠాల కోసం వేరే స్క్రీన్, వేరే మనిషి

రోజూ వాడే కంప్యూటర్ స్క్రీన్ మీద మన బతుకంతా ఉంటుంది. అడ్రస్ బార్‌లో ఒక అక్షరం కొట్టగానే నిన్న రాత్రి వెతికినవన్నీ వరసగా దిగుతాయి. పాఠం మధ్యలో ‘డబ్బులు ఎప్పుడు ఇస్తావు’ అని ఒక మెసేజ్ తొంగి చూస్తుంది. ఒక్కొక్కటీ దాచుకుంటూ కూర్చునే కంటే, కంప్యూటర్లో పాఠాల కోసమే కొత్త యూజర్ అకౌంట్ తెరవడం తేలిక. అందులో మెయిల్ ఉండదు, చాట్ ఉండదు, బుక్‌మార్కులు ఉండవు. వాల్‌పేపర్ ఒకే రంగు. అంత ఓపిక లేకపోతే కనీసం బ్రౌజర్లో వేరే ప్రొఫైల్, వీఎస్ కోడ్‌లో వేరే ప్రొఫైల్ పెట్టుకోండి. నోటిఫికేషన్లు రాకుండా ‘డు నాట్ డిస్టర్బ్’ ఆన్ చేయండి.

స్క్రీన్ రిజల్యూషన్‌ను 1920×1080కి మార్చండి. 4కే మానిటర్ ఉందని అలాగే రికార్డ్ చేసి తర్వాత కుదిస్తే అక్షరాలన్నీ సగానికి సగం చిన్నవైపోతాయి. ఎడిటింగులో జూమ్ చేసుకునే వీలుంటుందని కొందరు 4కేలో తీస్తారు. ఆ దారి ఎంచుకుంటే డిస్‌ప్లే స్కేలింగ్ 200 శాతం పెట్టుకోవడం మరవకండి.

ఎడిటర్ ఫాంటు విషయంలో ఒక చిన్న చిక్కు ఉంది. ఫిరా కోడ్ లాంటి ఫాంట్లలో లిగేచర్లు (గుర్తుల్ని కలిపి చూపే ఏర్పాటు) ఆన్ చేసి ఉంటే != అని కొట్టినప్పుడు రెండు గుర్తులూ కలిసిపోయి ≠ లా కనిపిస్తుంది. మనకు ముచ్చటగానే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం ఆ గుర్తు కీబోర్డులో ఎక్కడుందా అని వెతుక్కుంటారు. పాఠాల ప్రొఫైల్లో లిగేచర్లు ఆపేయండి. సున్నాకీ పెద్ద ‘ఓ’కీ తేడా తెలిసే ఫాంటు వాడండి. టెర్మినల్లో (కమాండ్లు టైప్ చేసే కిటికీలో) లైను మొదట్లో కనిపించే ప్రాంప్ట్ పొడవుగా ఉంటే ఒక్క డాలర్ గుర్తుకు కుదించండి, కమాండుకు చోటు దొరుకుతుంది.

పాస్‌వర్డులు, ఏపీఐ కీల (ఒక సేవను వాడుకోవడానికి ప్రోగ్రాముకు ఇచ్చే రహస్య సంకేతాల) గురించి ఒక్కమాట. ఇవి దాచుకునే ఎన్విరాన్మెంట్ ఫైల్‌ను పొరపాటున తెరిచి వెంటనే మూసినా, ఆ క్షణం వీడియోలో ఉండిపోతుంది. ఎవరైనా పాజ్ చేసి చదవొచ్చు. టెర్మినల్లో పై బాణం కీ నొక్కితే వచ్చే పాత కమాండ్లలో కూడా ఇవి దాగి ఉండొచ్చు. పాఠానికని విడిగా కీ తీసుకుని, రికార్డింగ్ అయిపోగానే దాన్ని రద్దు చేసేయండి. బ్లర్ చేశాం కదా అని నిమ్మళంగా ఉండొద్దు. ఒక్క ఫ్రేమ్ తప్పిపోయినా చాలు.

అడుగు 4: ఓబీఎస్ స్టూడియో సెట్ చేయడం

రికార్డింగ్‌కి నేను సిఫారసు చేసేది ఓబీఎస్ స్టూడియో. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. మ్యాక్‌లో కమాండ్, షిఫ్ట్, 5 కలిపి నొక్కితే వచ్చే రికార్డర్, విండోస్ 11 స్నిపింగ్ టూల్‌లో ఉన్న రికార్డర్ చిన్నాచితకా క్లిప్పులకు బాగానే ఉంటాయి. వరసగా పాఠాలు చేయాలనుకుంటే మాత్రం ఓబీఎస్ నేర్చుకోవడం మీద పెట్టే ఒక పూట వృథా పోదు.

ఓబీఎస్ తెరవగానే సోర్సెస్ పెట్టెలో ప్లస్ గుర్తు నొక్కి ‘డిస్‌ప్లే క్యాప్చర్’ (కొత్త మ్యాక్‌లలో ‘మ్యాక్ఓఎస్ స్క్రీన్ క్యాప్చర్’) చేర్చండి. ‘విండో క్యాప్చర్’ కూడా ఉంటుంది కానీ, దాంతో కొన్ని ప్రోగ్రాముల్లో కిందికి జారే మెనూలు, చిన్న డైలాగ్ పెట్టెలు రికార్డ్ కావు. మీరేమో ‘ఈ మెనూలో మూడోది ఎంచుకోండి’ అంటుంటారు, వీడియోలో ఏమీ కనబడదు. లినక్స్‌లో వేలాండ్ (స్క్రీన్ మీద బొమ్మను నడిపే వ్యవస్థ) వాడుతుంటే ‘స్క్రీన్ క్యాప్చర్’ అని పైప్‌వైర్ పేరుతో ఉన్నదాన్ని ఎంచుకోవాలి.

డిస్‌ప్లే క్యాప్చర్ పెట్టాక నల్లగా కనిపిస్తే కంగారు పడకండి. మ్యాక్‌లో అయితే ప్రైవసీ సెట్టింగుల్లో ఓబీఎస్‌కి స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఇవ్వలేదన్నమాట. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న విండోస్ లాప్‌టాప్‌లో అయితే, విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఓబీఎస్‌ను ‘పవర్ సేవింగ్’కి మార్చి మళ్లీ తెరవండి.

సెట్టింగ్స్‌లో వీడియో విభాగానికి వెళ్తే బేస్, ఔట్‌పుట్ రెండూ 1920×1080, ఫ్రేమ్ రేటు 30. కోడ్ చూపించే పాఠాలకు 60 ఫ్రేములు దండగ. ఆడియోలో శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్. అక్కడే మైకు వరసలో మీ మైకు పేరునే ఎంచుకోండి. నా 40 నిమిషాలు ఈ వరసలోనే పోయాయి.

ఔట్‌పుట్‌లో రికార్డింగ్ ఫార్మాట్ ఎంకేవీ పెట్టండి. మామూలు ఎంపీ4 ఫైల్‌లో వీడియోను చదవడానికి కావలసిన పట్టిక చివర్లో రాయబడుతుంది. మధ్యలో కరెంటు పోయినా, కంప్యూటర్ బిగుసుకుపోయినా ఆ పట్టిక ఉండదు, ఫైల్ తెరుచుకోదు. ఎంకేవీలో ఆగిన చోటి దాకా అయినా దక్కుతుంది. తర్వాత ఫైల్ మెనూలో ‘రీమక్స్ రికార్డింగ్స్’ వాడితే నాణ్యత తగ్గకుండా క్షణాల్లో ఎంపీ4 అవుతుంది. రికార్డింగ్ క్వాలిటీ ‘సేమ్ యాజ్ స్ట్రీమ్’లో ఉంటే పాజ్ బటన్ పనిచేయదు, కాబట్టి ‘హై క్వాలిటీ’కి మార్చండి.

ఇప్పుడు మామూలుగా పాఠం చెప్పే గొంతుతో మాట్లాడుతూ మిక్సర్ మీటర్ చూడండి. మాట్లాడుతున్నప్పుడు పట్టీ పసుపు భాగంలో, అంటే మైనస్ 20కీ మైనస్ 9 డెసిబెల్స్‌కీ మధ్య ఆడాలి. ఎరుపులోకి పోతుంటే మైకు గెయిన్ (శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలన్న మోతాదు) తగ్గించండి. పగిలిన గొంతును ఎడిటింగులో బాగుచేయడం దాదాపు అసాధ్యం.

మైకు ఫిల్టర్లలో మొదట హోరు తగ్గించే నాయిస్ సప్రెషన్, తర్వాత గొంతు హెచ్చుతగ్గుల్ని సర్దే కంప్రెసర్, చివర శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్. నాయిస్ గేట్ కూడా పెట్టమని చాలామంది చెబుతారు. నేను వద్దంటాను. గొంతు ఒక స్థాయి కంటే తగ్గగానే గేట్ మైకు మూసేస్తుంది. తెలుగులో వాక్యం చివరికి వచ్చేసరికి స్వరం దిగుతుంది, క్రియ ఉండేదేమో అక్కడే. ‘ఈ ఫైల్ సేవ్ చేయకండి’ అన్నదాంట్లో ‘కండి’ సగం మింగేస్తే అసలు చేయమన్నారో వద్దన్నారో తెలియదు. ఫ్యాను హోరు కాస్త వినబడినా పర్వాలేదు, ‘చేయకండి’ పూర్తిగా వినబడాలి.

చివరగా సెట్టింగ్స్‌లో హాట్‌కీలకు వెళ్లి రికార్డింగ్ మొదలు, ఆపు, పాజ్‌లకు కీలు కేటాయించుకోండి. లేకపోతే ప్రతి వీడియో మీరు ఓబీఎస్ కిటికీని దాచే దృశ్యంతో మొదలవుతుంది.

అడుగు 5: వేలు పెట్టి చూపించే పరికరాలు

తరగతిలో అయితే బోర్డు మీద వేలు పెట్టి చూపిస్తాం. ఇక్కడ ఆ పని చేసేది కర్సర్. ముందు దాని సైజు పెంచండి, ఆపరేటింగ్ సిస్టమ్ సెట్టింగుల్లోనే ఉంటుంది. చెప్పేది ఏమీ లేనప్పుడు మౌస్ మీంచి చెయ్యి తీసేయండి. చాలామంది ఆలోచిస్తూ కర్సర్‌ని గుండ్రంగా తిప్పుతుంటారు, చూసేవాళ్లకు ఈగ ముసిరినట్టుంటుంది.

విండోస్‌లో జూమ్‌ఇట్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్‌ఇంటర్నల్స్ పరికరాల్లో ఒకటి, మార్క్ రుసినోవిచ్ రాసింది. కంట్రోల్ 1 నొక్కితే స్క్రీన్ దగ్గరికొస్తుంది, కంట్రోల్ 2 నొక్కితే స్క్రీన్ మీద గీయొచ్చు. గీసేటప్పుడు షిఫ్ట్ పట్టుకుంటే తిన్నని గీత, కంట్రోల్ పట్టుకుంటే దీర్ఘచతురస్రం వస్తాయి. ఎస్కేప్ నొక్కితే అన్నీ మాయం. ఒక లైన్ కోడ్ చుట్టూ ఎర్ర పెట్టె గీసి ‘ఇదొక్కటే మారింది’ అంటే పది వాక్యాలు ఆదా. ఒక ఇబ్బంది: కంట్రోల్ 1 బ్రౌజర్లో, వీఎస్ కోడ్‌లో వేరే పనికి వాడతారు. జూమ్‌ఇట్ ఆప్షన్లలో కీలు మార్చుకోండి. లినక్స్‌లో గీయడానికి గ్రోమిట్ ఎంపీఎక్స్ ఉంది. మ్యాక్‌లో జూమ్ కోసం యాక్సెసిబిలిటీ సెట్టింగులు చూడండి.

నొక్కిన కీలు స్క్రీన్ మీద కనిపించడానికి మ్యాక్‌లో కీకాస్టర్, విండోస్‌లో కార్నాక్, లినక్స్‌లో స్క్రీన్‌కీ ఉన్నాయి. వీఎస్ కోడ్‌లో అయితే కమాండ్ ప్యాలెట్ తెరిచి ‘టాగుల్ స్క్రీన్‌కాస్ట్ మోడ్’ అంటే చాలు. పాస్‌వర్డ్ కొట్టే ముందు దీన్ని ఆపాలి. లేదంటే చుక్కల వెనక దాగాల్సినది పెద్దక్షరాల్లో వీడియోలోకి ఎక్కుతుంది.

కెమెరా సంగతి. మొహం కనిపిస్తే బాగుంటుందనిపిస్తే పాఠం మొదట్లో, చివర్లో చూపించండి. వెలుతురు ఎదురుగా ఉండాలి, వీపు వెనక కిటికీ వద్దు. కోడ్ నడుస్తున్నంతసేపూ మూలలో మొహం పెడితే, టెర్మినల్ ఫలితం సరిగ్గా దాని కిందే దాక్కుంటుంది.

అడుగు 6: పాఠాన్ని ముక్కలు చేయడం

2014లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల మీద ఒక అధ్యయనం వచ్చింది. 69 లక్షల వీక్షణలను పరిశీలిస్తే, వీడియో ఎంత పొడవున్నా కనీసం సగం వీక్షణలు ఆరు నిమిషాల లోపే ఆగిపోయాయి. కోడ్ పాఠం కచ్చితంగా ఆరు నిమిషాల్లో తేలాలని నేననను. కానీ ఒక వీడియోకి ఒకే ప్రశ్న ఉండాలి. ‘ఫంక్షన్లు’ అన్నది వీడియో కాదు, అధ్యాయం. ‘ఫంక్షన్ నుంచి విలువ వెనక్కి ఎలా వస్తుంది’ అన్నది వీడియో.

స్క్రిప్ట్ మొత్తం రాసుకుని చదివితే గొంతు వార్తలు చదివినట్టు అయిపోతుంది. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం పూర్తిగా రాసుకోండి. మధ్యలోవి పొడి మాటలుగా చాలు. కోడ్ మాత్రం ముందే పూర్తిగా రాసి, నడిపి చూసి, కోడ్ మార్పుల్ని భద్రపరిచే గిట్‌లో ఒక్కో మెట్టుకూ ఒక్కో కమిట్ (ఆ క్షణం నకలు) చేసుకోండి. రికార్డింగ్ మధ్యలో గందరగోళమైతే క్రితం మెట్టుకు వెళ్లి అక్కణ్ణుంచి ఎత్తుకోవచ్చు. అవే కమిట్లు తర్వాత విద్యార్థులకూ పనికొస్తాయి, ఎక్కడ తప్పిపోయారో పోల్చి చూసుకుంటారు.

అడుగు 7: రికార్డ్ నొక్కాక

ముందు 30 సెకన్లు రికార్డ్ చేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి. ప్రతిసారీ. నిన్న బాగానే ఉందిగా అనుకున్న రోజే అప్‌డేట్ వచ్చి మైకు మారిపోతుంది.

అసలు రికార్డింగ్ మొదట్లో పది సెకన్లు కదలకుండా, మాట్లాడకుండా ఉండండి. ఆ గది నిశ్శబ్దం తర్వాత నాయిస్ తీసేయడానికి నమూనాగా పనికొస్తుంది. మాట తడబడితే రికార్డింగ్ ఆపకండి. ఒక చప్పట కొట్టి, క్షణం ఆగి, ఆ వాక్యాన్ని మొదట్నుంచి చెప్పండి. ఎడిటింగులో ఆడియో గీతల మధ్య ఆ చప్పట తాటిచెట్టులా నిలబడి కనిపిస్తుంది, కోయాల్సిన చోటు వెతుక్కోనక్కర్లేదు.

‘ఇక్కడ నొక్కండి, ఇది తీసేయండి’ అనడం మనకు అలవాటు. ఫోన్లో చూసేవాళ్లకు ఆ ‘ఇక్కడ’ ఎక్కడో తెలియదు, చూపు లేనివాళ్లకు అసలే తెలియదు. ‘ఎడమ పక్క వరసలో మూడో ఐకాన్, ఎక్స్‌టెన్షన్స్’ అని పేరుతో చెప్పండి.

అడుగు 8: ఎడిటింగ్, ఎగుమతి

వీడియో ఎడిటర్లలో కెడెన్‌లైవ్, షాట్‌కట్ ఉచితం. డావిన్చి రిజాల్వ్‌కి ఉచిత వెర్షన్ ఉంది, కానీ దానికి బలమైన కంప్యూటర్ కావాలి. క్యామ్‌టేసియా, మ్యాక్‌లో స్క్రీన్‌ఫ్లో డబ్బు పెట్టి కొనేవి. జూమ్‌లు, కర్సర్ హంగులు వాటిలో తేలిక. ఏదో ఒకటి పట్టుకుని అందులో కోయడం, అతికించడం, జూమ్ చేయడం వస్తే చాలు.

ప్యాకేజీలు ఇన్‌స్టాల్ అయ్యే మూడు నిమిషాలను రెండు సెకన్లకు కుదించండి, కానీ ‘మీ దగ్గర కొన్ని నిమిషాలు పట్టొచ్చు’ అని నోటితో చెప్పండి. నిజంగా వచ్చిన ఎర్రర్లన్నీ కోసేయకండి. ఎర్రర్ చదివి, కారణం వెతికి, సరిచేసిన రెండు నిమిషాలు చాలాసార్లు మిగతా పాఠం కంటే విలువైనవి.

గొంతును ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్లోకి తెచ్చి, ఆ పది సెకన్ల నిశ్శబ్దాన్ని నాయిస్ రిడక్షన్‌కి నమూనాగా ఇచ్చి, మొత్తానికి కొద్దిగా మాత్రమే వర్తింపజేయండి. మోతాదు మించితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. తర్వాత లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం) పెట్టండి. యూట్యూబ్ దాదాపు ఆ స్థాయికి మించిన శబ్దాన్ని తగ్గిస్తుంది, కానీ తక్కువగా ఉన్నదాన్ని పెంచదు.

తెలుగు టైటిళ్లు పెట్టేటప్పుడు జాగ్రత్త. కొన్ని వీడియో ఎడిటర్లలో ఒత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కకు ఊడిపడతాయి, ‘స్క్రీన్’ కాస్తా ముక్కలవుతుంది. అలా జరిగితే టైటిల్‌ను లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లో నోటో శాన్స్ తెలుగు ఫాంటుతో చేసి, పీఎన్‌జీ బొమ్మగా ఎగుమతి చేసి వీడియోలో పెట్టండి.

ఎగుమతికి ఎంపీ4, హెచ్.264 (వీడియోను కుదించే పద్ధతి), 1080, 30 ఫ్రేములు. సైజు లెక్క సులువు: సెకనుకు 2,500 కిలోబిట్ల చొప్పున గంట వీడియో సుమారు 1.1 జీబీ అవుతుంది. స్క్రీన్ పెద్దగా కదలని కోడ్ పాఠానికి ఈ బిట్‌రేటు సాధారణంగా చాలు.

అడుగు 9: సబ్‌టైటిళ్లు, అప్‌లోడ్

ఓపెన్‌ఏఐ 2022లో విడుదల చేసిన విస్పర్ అనే ఓపెన్ సోర్స్ మోడల్‌తో మాటలను అక్షరాల్లోకి మార్చుకోవచ్చు. తెలుగులో తప్పులు బాగానే వస్తాయి, మధ్యలో వచ్చే కోడ్ మాటల దగ్గర మరీ. అయినా మొదట్నుంచి టైప్ చేయడం కంటే దిద్దుకోవడం నయం. సబ్‌టైటిళ్లుండే ఎస్ఆర్‌టీ ఫైల్‌ని యూటీఎఫ్ 8 ఎన్‌కోడింగ్‌లోనే (అక్షరాలను ఫైల్‌లో రాసే పద్ధతి) సేవ్ చేయండి, లేకపోతే తెలుగు బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి.

యూట్యూబ్‌లో వీడియోను చాప్టర్లుగా విడగొట్టాలంటే వివరణలో సమయాలు రాయాలి. మొదటిది 0:00 అయి ఉండాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కొక్కటీ పది సెకన్లకు తగ్గకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా చాప్టర్లు రావు. అదే వివరణలో కోడ్ లింకు, మీరు వాడిన ప్రతి సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు రాయండి. ఏడాది తర్వాత ‘నాకు ఈ బటన్ కనిపించడం లేదు’ అనే వాళ్లలో సగం మందికి జవాబు ఆ నంబరే.

అసలు రికార్డింగులను, ఎడిటింగ్ ప్రాజెక్టును అప్‌లోడ్ అయ్యాక కూడా చెరపకుండా ఇంకో డిస్క్‌లో పెట్టుకోండి. మెనూ పేరు ఒక్కటి మారినందుకు పాఠమంతా మళ్లీ చెప్పనక్కర్లేదు. అదే మైకు, అదే గది, అదే దూరంలో ఆ 20 సెకన్లు రికార్డ్ చేసి పాత ప్రాజెక్టులో అతికించి మళ్లీ ఎగుమతి చేయొచ్చు. మైకు ఎంత దూరంలో పెట్టారో, గెయిన్ ఎంత ఉందో ఒక చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించుకోండి.